మూత్రపిండ వ్యాధియు ధాన్యాహారమును

దున్నక, విత్తక, నీటిపట్టులందు తనంతట మొలచి పండెడి వరిని మన పెద్దలు నివ్వరి యనిరి. సంస్కృతమున నిదియే నీవారము. ఆశ్రమవాసులకు నీవారమే యాహారమని కావ్యములు చదివినవారెల్ల నెఱుగుదురు. శాకుంతలమున చెట్టుతొఱ్ఱలలోని చిలుకల నోటినుండి రాలిన నీవారపు గింజలను చూచియే రాజు ఆశ్రమము సమీపించినదని తెలిసికొనును. నేడు మన నగరములలో కొన్ని యంగళ్లయందు "అడవి బియ్యము" అను పేరుతో నల్లగా, సన్నగా, సూదివలె పొడవైన గింజ యొకటి అమ్మకమునకు వచ్చుచున్నది. పేరును బట్టి యిదియే నివ్వరి యని కొందఱు భ్రమపడుచున్నారు. అది సరికాదు. ఇది వరికి దూరపు చుట్టమగు వేఱొక గడ్డిగింజ. దీని పుట్టిల్లు ఉత్తర అమెరికా.

క్రొత్త ధాన్యమేది వచ్చినను మన యిండ్లలో మొదట పుట్టు ప్రశ్న, "ఇది రోగికి పెట్టవచ్చునా?" అనునదియే. మధుమేహరోగికి పెట్టవచ్చునని పొట్టుతీయని గింజలను పొగడెడివారే, మూత్రపిండములు చెడినవానికి కూడదని యదే నోటితో నిషేధింతురు. మఱికొందఱు సర్వరోగములకును చిరుధాన్యములే మందనుచున్నారు. ఔననియు కాదనియు నొక్కమాటలో తేల్చెడి యీ తీర్పులు గడచిన రెండువందల యేండ్లలో నెన్నిసార్లు తారుమారైనవో యెఱిగినయెడల, కంచము ముందు కూర్చున్న రోగికిని, వడ్డించు నిల్లాలికిని కొంత భయము తగ్గునని నా విశ్వాసము.

ముందుగా ఆ నల్లగింజ కథ. మహాసరస్సుల ప్రాంతమున నివసించు ఒజిబ్వే జనులు దానిని మనోమిన్ అందురు. తూర్పు సముద్రతీరమునుండి పడమరకు వలసవచ్చిన తమ పూర్వులకు "నీటిమీద నాహారము పండెడి చోట నిలువుడు" అని యాదేశమైనదనియు, ఆ చోటు ఈ సరస్సులే యనియు వారి గాథ. వేసవి తుదిని గింజ ముదురగనే యిద్దఱేసి చిన్న పడవలలో బయలుదేరుదురు. ఒకరు గడతో పడవను నడుపుదురు. రెండవవారు రెండు తేలికైన కఱ్ఱలు పట్టుకొని, ఒకదానితో వెన్నులను పడవమీదికి వంచి, రెండవదానితో మెల్లగా తట్టుదురు. పండిన గింజ పడవలో రాలును. పండనిది వెన్నుననే నిలుచును. కొంత నీటబడి మఱుసటి యేటికి విత్తనమగును. పిమ్మట నెండబెట్టి, బానలలో వేయించి, గుంటలో పోసి మెత్తని తోలుచెప్పులతో త్రొక్కి పొట్టు విడదీసి చెఱుగుదురు. మన యూళ్లలో అటుకులు కొట్టుట చూచినవారికి ఈ పనియంతయు పరాయిదిగా తోపదు.

1837లో అమెరికా ప్రభుత్వముతో చేసికొన్న సంధిలో ఒజిబ్వేలు విశాలమైన భూభాగమును వదలుకొనిరి. కాని యా నేలపై వేటాడుటకును, చేపలు పట్టుటకును, మనోమిన్ సేకరించుటకును హక్కును మాత్రము వ్రాయించుకొనిరి. ఆ హక్కు నేటికిని చెల్లునని అమెరికా సర్వోన్నత న్యాయస్థానము 1999లో తీర్పు చెప్పెను. భూమి పోయినను గింజ పోరాదని పట్టుబట్టిన యా పెద్దల దూరదృష్టి మెచ్చదగినది. అయినను కాగితముమీది హక్కు కడుపు నింపలేదు. ఆనకట్టలచేత నీటిమట్టములు మాఱి గింజ పండెడి తావులనేకము నశించెను. జనులు ప్రత్యేకింపబడిన చిన్న భూభాగములలో నిమిడ్చివేయబడిరి. ప్రభుత్వము పంచిపెట్టిన తెల్లగోధుమపిండి, పందిక్రొవ్వు, పంచదార, డబ్బాలలోని యుప్పుమాంసము వారి యాహారమయ్యెను. ఇరువదవ శతాబ్ది ముగియునాటికి మధుమేహమువలన మూత్రపిండములు పూర్తిగా చెడుట అమెరికాలోని యన్ని జాతులలోను ఆదివాసులలోనే హెచ్చుగా నుండెను. ఇట్టి జాతికి పూర్వపు గింజయే మందని యొకరు, పొట్టుగింజ కనుక మూత్రపిండరోగికి ముప్పని వేఱొకరు చెప్పినచో ఎవరి మాట వినవలెను? దీనికి సమాధానము వెదకుటకు ఆ రోగమున కాహారనియమ మెట్లేర్పడెనో చూడవలసియున్నది.

లండను నగరమునందలి గైస్ వైద్యశాలలో రిచర్డు బ్రైటు అను వైద్యుడు 1827లో తన పరిశీలనలను ప్రకటించెను. ఒడలు ఉబ్బిన రోగుల మూత్రమును చెంచాలో పోసి క్రొవ్వొత్తిపై కాచగా, గ్రుడ్డులోని తెల్లసొనవలె గడ్డకట్టుటయు, మరణించినవారి మూత్రపిండములు చెడియుండుటయు నాయన జతపఱచి చూపెను. ఒక శతాబ్దమునకు పైగా ఆ రోగమునకు ఆయన పేరే నిలిచెను. రోగము తెలిసెను గాని మందు లేదు. రక్తము తీయుట, భేది చేయించుట, పాలపథ్యము, ఇంతియే చికిత్స. మాంసకృత్తులు శరీరమున ఖర్చుకాగా మిగులు నత్రజని యూరియా రూపమున మూత్రముద్వారా పోవుననియు, మూత్రపిండము చెడినయెడల నది రక్తమున పేరుకొనుననియు క్రమముగా తేలినది. అప్పటినుండి మాంసకృత్తులను తగ్గింపవలెనను భావము వైద్యులలో ప్రబలెను. ఎంత తగ్గింపవలెనన్నదే వివాదము. ఆ వివాద మింకను తెగలేదు.

మన తెల్లయన్నము ఈ కథలోనికి ప్రవేశించినది ఇరువదవ శతాబ్ది నడుమ. వాల్టరు కెంప్నరు అను యువవైద్యుడు జర్మనీలో హిట్లరు రాజ్యము వచ్చుటచేత దేశము విడిచి, 1934లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చేరెను. ఆయన తల్లి లీడియా రాబినోవిచ్ క్షయరోగమును గూర్చి పరిశోధించిన ప్రసిద్ధ శాస్త్రజ్ఞురాలు. ఆ కాలమున తీవ్రమైన రక్తపోటునకు పనిచేసెడి యౌషధము లేదు. దేశాధ్యక్షుడగు రూజ్వెల్టుకే యుపాయము లేక 1945లో మెదడున రక్తనాళము చిట్లి మరణించెను. చెడిన మూత్రపిండమునకు పని తగ్గించినచో నది కొంత తేఱుకొనవచ్చునని కెంప్నరు తలచెను. ఉప్పు లేనిదియు, మాంసకృత్తులు మిక్కిలి తక్కువయైనదియు, ఐనను ప్రాణము నిలుపునంత శక్తినిచ్చునదియు నగు ఆహార మేదియని వెదకి, ఆయన వరియన్నమును ఎన్నుకొనెను.

ఆ పథ్యము విన్నవారికి నేటికిని విస్మయము కలుగును. దినమునకు 250 మొదలు 350 గ్రాముల బియ్యము, ఉప్పులేకుండ వండినది, పండ్లు, పండ్లరసము, పంచదార, విటమిను మాత్రలు. అంతే. దీనిలో మాంసకృత్తులు సుమారు 20 గ్రాములు. శక్తి సుమారు 2000 క్యాలరీలు. ఉప్పు దాదాపు శూన్యము. మొదట దీనిని కొలది వారములు మాత్రమే యీయదలచిరి. 1942లో మూత్రపిండపు వాపు వ్యాధిగల యొక యువతి, కెంప్నరు జర్మను యాసలో చెప్పిన "రెండు వారములు" అనుదానిని రెండు నెలలని విని, రెండు నెలలు అన్నమే తిని తిరిగివచ్చెను. చూడగా రక్తపోటు తగ్గియుండెను. కంటిలోపలి రక్తస్రావము మానియుండెను. పెరిగిన గుండె కుదియించియుండెను. 1944లో కెంప్నరు తన ఫలితములను వైద్యుల సభలో ప్రకటించినపుడు అనేకులు నమ్మలేదు. తరువాత ఛాయాచిత్రములు చూచి నమ్మక తప్పలేదు. అయితే ఆ పథ్యమును పాటింపజేయుటయే గొప్ప తపస్సు. రోగులు చాటుగా ఉప్పు తినినచో మూత్రపరీక్షలో బయటపడెడిది. ఆయన వారిని కఠినముగా మందలించెడివాడు. 1950 తరువాత ఉప్పును బయటికి వెడలగొట్టు మాత్రలు రాగా రోగులు అన్నమును విడిచి మాత్రలవైపు పరుగెత్తిరి. ఆ పథ్యము పనిచేయుటకు ముఖ్యకారణము ఉప్పు లేకపోవుటయే యని నేటి వైద్యుల యభిప్రాయము. వరిలోని మహిమ దానిలో నున్నదానికంటె లేనిదానియందే యెక్కువ.

ఇచ్చట మనదేశమున ఆ కాలముననే జరిగిన మఱియొక యుద్యమమును తలచుకొనక తప్పదు. మఱబియ్యపు పై పొర తీసివేయుటచేత బెరిబెరి యను వ్యాధి కలుగుచున్నదని జావాద్వీపమున ఐక్మను కనిపెట్టిన మార్గమున నడచి విటమినుల శాస్త్రము బయలుదేరెను. 1929లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. 1934లో గాంధీమహాత్ముడు స్థాపించిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దంపుడుబియ్యమే తినుడని యూరూర బోధించెను. గంజి వార్చి పాఱబోయుట సారమును పాఱబోయుటయే యని సంస్కర్తలు గృహిణులను మందలించిరి. వారు చెప్పినది నిజము. అదే దశాబ్దమున సముద్రముల కావల నొక వైద్యుడు తెల్లనన్నమునే మందుగా పెట్టి మృత్యుముఖమునుండి జనులను తప్పించుచుండెను. అదియు నిజమే. ఒకటి ఆరోగ్యవంతుని కంచము. రెండవది రోగి కంచము. ఈ భేదమును మఱచి, ఒకరి కంచమును వేఱొకరి ముందు పెట్టుటచేతనే మన యిండ్లలో సగము ఆహారవివాదములు పుట్టుచున్నవి.

1963, 1964 సంవత్సరములలో ఇటలీలో జొర్డానో, జొవన్నెట్టి మొదలగు వైద్యులు ఈ మార్గమును మఱింత దూరము నడపిరి. దినమునకు 20 గ్రాముల చిల్లర మాంసకృత్తులు మాత్రమే, అవియు గ్రుడ్డు మొదలగు శ్రేష్ఠమైన వానినుండియే రావలెననిరి. మఱి శక్తి యెచ్చటినుండి వచ్చును? గోధుమపిండిని కడిగి మాంసకృత్తును తీసివేసి, మిగిలిన గంజిపదార్థముతో రొట్టెయు సేమియా వంటి వంటకములును చేసిరి. ఓకరింతలు, దురదలు, మగతయు తగ్గినవి. కాని రుచిలేని యా కూడు నెలలకొలది తినలేక కొందఱు చిక్కి శల్యమైరి. మూత్రపిండరోగిని ఆకలియు చంపగలదను సత్యము ఈ కాలముననే వైద్యలోకమునకు గట్టిగా తెలిసివచ్చెను.

ఇంతలో యంత్రముచే రక్తశుద్ధి చేయు డయాలిసిస్ వచ్చెను. 1943లో నెదర్లాండ్సులో కొల్ఫు నిర్మించిన యంత్రము తాత్కాలికముగా పనిచేసెడిది; 1960లో సియాటిలు నగరమున స్క్రిబ్నరు చేసిన యేర్పాటుతో ఏండ్ల తరబడి చికిత్స సాధ్యమయ్యెను. దీనితో నియమము తలక్రిందులయ్యెను. యంత్రముద్వారా మాంసకృత్తుల యంశములును పోవుటచేత, నిన్నటివఱకు పప్పు మానుమన్న వైద్యుడే నేడు పప్పు, గ్రుడ్డు తినుమని చెప్పవలసివచ్చెను. 2020లో అమెరికా మూత్రపిండవైద్యులు ప్రకటించిన నియమములలో డయాలిసిస్ లేనివారికి దేహభారము కిలో యొక్కంటికి 0.55 మొదలు 0.6 గ్రాములు, డయాలిసిస్ గలవారికి 1.0 మొదలు 1.2 గ్రాములు అని యున్నది. 2024లో వెలువడిన అంతర్జాతీయ నియమములు డయాలిసిస్ లేనివారికి 0.8 గ్రాములు చాలుననుచున్నవి. పండితులకే యేకాభిప్రాయము లేనిచోట, పక్కింటివారి తీర్పునకు విలువ యెంత?

ఇక పొట్టుగింజలపై నిషేధ మెట్లు వచ్చెనో చూతము. మూత్రపిండము చెడినచో భాస్వరము రక్తమున నిలిచి యెముకలను గుల్లచేయుటయు, రక్తనాళములు గట్టిపడుటకు తోడ్పడుటయు కనిపెట్టిరి. పొటాసియము మితిమీరినచో గుండె యాగిపోవచ్చును. పట్టికలు తీసి చూడగా పొట్టుగింజలలో ఈ రెండును హెచ్చుగా కనబడినవి. వెంటనే దంపుడుబియ్యము, గోధుమరొట్టె, చిరుధాన్యములు, అడవి బియ్యము అన్నియు నిషిద్ధపు జాబితాలో చేరినవి. కొన్ని దశాబ్దములు తెల్లరొట్టె, తెల్లయన్నము మాత్రమే మూత్రపిండరోగికి విహితములయ్యెను.

అయితే పట్టికలోని యంకె వేఱు, రక్తమున చేరునది వేఱు. గింజలోని భాస్వరము చాలవఱకు ఫైటేటు అను రూపమున బిగిసియుండును. దానిని విడదీయగల ద్రవ్యము మన ప్రేగులలో మిక్కిలి స్వల్పము. కావున గింజలోని భాస్వరమున సగమునకు లోపుగానే రక్తమున చేరును. అంగటి నిలువయాహారములలోను, నల్లని శీతలపానీయములలోను కలిపెడి భాస్వరపు లవణములైతే దాదాపు పూర్తిగా చేరును. 2011లో అమెరికాలో షారన్ మో మొదలగువారు తొమ్మండుగురు రోగులకు ఒక వారము మాంసాహారమును, ఒక వారము ధాన్యములు ప్రధానమైన శాకాహారమును, రెంటను భాస్వరము సమానముగా నుండునట్లు పెట్టి చూడగా, శాకాహారపు వారమున రక్తములోని భాస్వరము తక్కువగా నుండెను. తొమ్మండుగురు చిన్న సంఖ్యయే. కాని ఆ చిన్న పరీక్షయే పాత జాబితాకు గట్టి దెబ్బ కొట్టెను. 2020 నాటి నియమములు భాస్వరము మొత్తమునే గాక, అది యేయే యాహారమునుండి వచ్చుచున్నదో కూడ చూడుమనుచున్నవి. ఇచ్చట నొక చిక్కు కలదు. నానబెట్టుట, మొలకెత్తించుట, పులియబెట్టుట ఫైటేటును విడదీయును. రక్తహీనునకు ఇనుము దక్కించు నీ సుగుణమే మూత్రపిండరోగికి కొంత భాస్వరమునుగూడ వదలిపెట్టును. ఇడ్డెనలు మానవలెనని దీని యర్థము కాదు; లెక్కలో చేర్చుకొనవలెనని మాత్రమే.

ఇపుడు నల్లగింజను త్రాసులో వేయుదము. వండిన అడవి బియ్యము 100 గ్రాములలో మాంసకృత్తులు సుమారు 4 గ్రాములు, భాస్వరము 80 మిల్లీగ్రాములు, పొటాసియము 100 మిల్లీగ్రాములు. అంతే తెల్లయన్నములో మాంసకృత్తులు రెండున్నర గ్రాములకు కొంచెము పైగా, భాస్వరము 40, పొటాసియము 35 మిల్లీగ్రాములు. సోడియము రెంటను నామమాత్రమే. తెల్లయన్నముకంటె హెచ్చే, అయినను ఒక్క అరటిపండులోని పొటాసియము ఇట్టి గుప్పెడన్నమునకు మూడు నాలుగింతలు. రక్తమున పొటాసియము హెచ్చనివాడు అప్పుడప్పుడు దీనిని తినినచో ముంచుకొనివచ్చు ముప్పులేదు; హెచ్చినవాడు వైద్యుని యడుగక తినరాదు. పొటాసియము హెచ్చినవారికి ధాన్యమును, కూరలను విస్తారమైన నీట నుడికించి వార్చి తినుమని నేడు వైద్యశాలలలో చెప్పుచున్నారు. సంస్కర్తలు మానుమన్న మన గంజివార్పు, ఈ రోగి విషయమున మరల గౌరవము పొందినది.

ఈ చర్చ మనకు దూరదేశపు వినోదముగాదు. శ్రీకాకుళము జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములు గల ఉద్దానమున, మధుమేహము గాని రక్తపోటు గాని లేని కష్టజీవులకే మూత్రపిండములు క్రమముగా నశించుచున్నవి. శ్రీలంకలో వరి పండించెడి ఉత్తరమధ్య మండలమునను, మధ్య అమెరికాలోని చెఱకుతోటలలోను ఇట్టి వ్యాధియే కలదు. ఉద్దానమున దీనికి కారణ మింకను నిర్ధారణ కాలేదు. కారణము తెలియనిచోట పుకారులు పుట్టుట సహజము. ఒకరు బియ్యము మానుమందురు. ఒకరు చోళ్లు, కొఱ్ఱలు తినినచో డయాలిసిస్ అక్కఱలేదందురు. ఈ రెండవ మాట నాకు మిక్కిలి భయంకరముగా తోచుచున్నది. దానిని నమ్మి రక్తశుద్ధి మానివేసినవాడు చాలకాలము బ్రతుకడు.

చోళ్ల అంబలి మంచిదే. కాని లెక్క చూడవలెను. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థ 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి 100 గ్రాముల చోళ్లలో పొటాసియము 440 మిల్లీగ్రాములు, భాస్వరము 210 మిల్లీగ్రాముల ప్రాంతమున నున్నవి; తెల్లబియ్యమున నీ రెండును నూఱు మిల్లీగ్రాముల ప్రాంతముననే. ఒక గిన్నె అంబలికి ముప్పది గ్రాముల పిండి చాలును. కనుక పొటాసియము నూటముప్పది మిల్లీగ్రాములు. ఇది ప్రమాదముగాదు. ప్రమాదము వేఱుచోట నున్నది: అంబలిలో చాలవఱకు నీరే, దానిలో ఉప్పు, మజ్జిగ, నంజుకొనుటకు ఊరగాయ, ఎండుచేప. మూత్రము తగ్గి, దినమునకింత నీరని కొలతపెట్టబడిన డయాలిసిస్ రోగికి పిండికంటె ఆ నీరును, ఆ యుప్పును ముప్పు. కొబ్బరితోటల నడుమ బ్రతుకు ఉద్దానపురోగికి బలమునకని బొండములు కొట్టియిచ్చెడి చుట్టములును కలరు. ఆ నీటిలోని పొటాసియము ఏ ధాన్యములో లేనంత వేగముగా రక్తమున చేరును.

పేదయింట మఱియొక లెక్కయు కలదు. మూడుపూటల అన్నమే తినువాడు దినమునకు 400 గ్రాముల బియ్యము తినినచో ఆ బియ్యమునుండియే మాంసకృత్తులు ముప్పది గ్రాముల ప్రాంతమున లభించును. అరువది కిలోల దేహమునకు డయాలిసిస్ లేనపుడు కఠినమైన నియమము కోరునది 33 మొదలు 36 గ్రాములు. అనగా వాని కంచమున తగ్గింపవలసినది దాదాపు లేదు. పట్టణపు భోజనమును మనసున నుంచుకొని వ్రాసిన "పప్పు మాను, గ్రుడ్డు మాను, పాలు మాను" అను కాగితమును వాని చేతికిచ్చినచో, వాడు వారమునకొకసారి తినెడి పప్పునుగూడ మాని నీరసించును. నిషేధపు జాబితా ధనికునికి మితమును నేర్పును. బీదవానికి ఆకలిని నేర్పును.

అమెరికా ఆదివాసులలో 1996 మొదలు 2013 వఱకు మధుమేహమువలన మూత్రపిండములు పూర్తిగా చెడు కేసులు నూటికి 54 వంతులు తగ్గెను. మనోమిన్ ఒక్కటియే యీ పని చేయలేదు. రక్తపోటు మాత్రలు వేళకిచ్చిరి. మూత్రమున ఆల్బుమిను పరీక్ష ఏటేట చేసిరి. ఆహారనిపుణులును, ఆ జాతివారేయైన ఆరోగ్య కార్యకర్తలును ఇంటింటికి తిరిగిరి. వారు తెచ్చిన మాటలలో పూర్వపు గింజను గూర్చిన గౌరవమును ఉండెను, కొలతయు నుండెను.

మనకు నట్టివారు కావలెను. పలాసలో 2023లో మూత్రపిండవ్యాధుల కొఱకు ప్రత్యేక వైద్యశాల వెలసినది. డయాలిసిస్ కేంద్రములును కలవు. ఉద్దానపు టొకే యింట తండ్రి డయాలిసిసు మీదను, కొడుకు రోగపు తొలిదశయందును ఉండుట వింతగాదు. తల్లి ఒకే కుండలో వండును. తండ్రికి గ్రుడ్డు అదనముగా వేయవలెను, నీరు కొలిచి యీయవలెను. కొడుకునకు ఉప్పు తగ్గింపవలెను, నొప్పిమాత్రలు మాన్పింపవలెను, ఎండలో పనిచేయునపుడు నీరు దండిగా త్రాగింపవలెను. అన్నము ఇద్దఱికిని అదే. ఆ తల్లికి ఈ భేదమును ఆమె మాటలలో, ఆమె వంటగది గిన్నెలతో కొలిచి చూపుటకు ఒక మనిషి కావలెను.